కొత్త ఇప్పపువ్వు కేకు

ఖమ్మం,
ఫిబ్రవరి రెండో వారం

ఒసే పుష్పలతా,

ఉత్తరం చూసి బెదిరిపోకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అడవి పల్లె వాగొడ్డు గుంపుతో ఫోను మాట్లాడాలంటే నువ్వు గుట్టెక్కాలి, ఎక్కినా సగం మాట గాలికే పోతుంది. అందుకే భద్రాచలం హాస్టల్లో ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని దిద్దిన అక్షరాలను మళ్ళీ బయటికి తీశాను. నా రాత అప్పుడూ కోడి గెలికినట్టే ఉండేది. ఇప్పుడూ అంతే, నవ్వుకో.

అసలు సంగతి విను. వచ్చే నెల భద్రాచలంలో మహిళా సంఘాల మేళా ఉంది. పండుగలకు ఎవరింట్లో వాళ్ళు చేసుకునే తీపి వంటలను, ఎవరి వంటింట్లో వాళ్ళే ఫొటో తీసి పంపాలట. ఫ్లెక్సీలన్నీ వేసేది మా ఆయన జగదీష్ షాపులోనే. నా కేకుల ఫొటోలు ఇచ్చేశాను. మా కాలనీలో ఒకావిడ అవి చూసి, "వెనకాల గ్యాసు బండ కనబడుతోంది సువర్ణా, మా ఇంటికి రా, మంచి అరల ముందు పెట్టి తీద్దువు" అంది. నాకు ఒళ్ళు మండింది. "బండ లేకుంట మీ ఇంట్ల కేకు గాలికి కాలుతదా?" అనేసి వచ్చాను. మొదటి కేకు నుంచీ ఆ బండ నాతోనే ఉంది. దాన్ని నేను దాచను.

ఇప్పుడు నీ వంతు. నువ్వు కిందటేడు మా యింటికి పట్టుకొచ్చిన ఆ ఇప్పపువ్వు కేకు మళ్ళీ కాల్చు. ఫొటో తీసి, ఫోనులోని కార్డు ఉత్తరంలో పెట్టి పంపు. తెల్లగుడ్డ పరిచి తియ్యి. వెనకాల మసిగోడ పడనీకు. ఈపాటికి మీ అడవిలో కొత్త పువ్వు రాలడం మొదలై ఉంటుంది గదా, దోసెడు పక్కన పోస్తే చూసినవాళ్ళ నోరూరుతుంది.

మీ అత్త ఆదెమ్మకు, మీ ఆయన వీరబాబన్నకు నా దండాలు చెప్పు.

నీ
సువర్ణ

*

వాగొడ్డు గుంపు,
ఫిబ్రవరి ఆఖరు

సువర్ణా,

పొరుగింటి అరల ముందు పెట్టమంటే ఒళ్ళు మండిందా? మరి నా మసిగోడను దాచమని ఎట్లా రాశావే? నీ బండకో న్యాయం, నా గోడకో న్యాయమా?

తెల్లగుడ్డ మా ఇంట్లో లేదు. ఉన్న తెల్లటిదల్లా మా ఆయన ఓట్ల నాడు వేసుకునే చొక్కా. దాన్ని పరుస్తానంటే, "నా అంగి మీద కేకు పెడ్తే నేను దేని మీద కూసోవాలె?" అని లేచాడు. ఆయనకు కోపం వచ్చినా మాట ఇట్లాగే వంకరగా వస్తుంది. గోడను గోడలాగే ఉంచాను. ఆ మసి మా అత్త ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి పట్టింది. అది లేకుండా ఫొటో తీస్తే కేకు ఎవరింట్లో కాలిందో ఎవరికి తెలుస్తుంది?

కాల్చడం కంటే ఫొటో తీయడమే కష్టమైంది. గుండిగలో ఇసుక పోసి, మధ్యలో గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు పోస్తే రాగిపిండి కేకు దానంతటదే పొంగుతుంది. ఫొటోకు మాత్రం పొగ అడ్డం, చీకటి అడ్డం. చివరికి వీరబాబు పైకెక్కి రెండు పెంకులు తీస్తే, ఎండ నిలువుగా వచ్చి కేకు మీద పడింది. మా అత్త పొయ్యి దగ్గర కూర్చుని, "గంతసేపు ఫొటోలకే అయితే తినుడు ఎప్పుడే?" అని గొణుగుతూనే ఉంది. ఫొటోలో ఒక మూల ఆమె చెయ్యి పడింది. దాన్ని కత్తిరించావో చూడు.

కొత్త పువ్వు మాట మాత్రం మళ్ళీ ఎత్తకు. హాస్టల్లో చెబితే మర్చిపోయినట్టున్నావు, ఈసారి గట్టిగా గుర్తుపెట్టుకో. ఈ ఏడు రాలిన పువ్వు మాకు ‘కొత్త’. కొత్త పండుగ చేసి ముత్యాలమ్మకు పెట్టేదాకా దాన్ని ఏరి ఎండబెట్టుకుంటాం గానీ వండం, నోట్లో వేసుకోం. పండుగ నాడు ఇంటికొక ఆడమనిషి దోసెడు పువ్వు తెచ్చి అమ్మ ముందున్న కుండలో పోస్తుంది. అందరి పువ్వూ కలిపి వండి, అమ్మకు పెట్టి, తలా ఇంత పంచుతారు. ఆ తర్వాతే ఎవరి పొయ్యి మీద వాళ్ళు వండుకోవాలి. అంతకుముందే తిన్న ఇల్లు గుంపుకు వెలి అయినట్టే.

నేను వాడింది పోయినేటి పువ్వు. మా అత్తే గుమ్మిలోంచి తీసిచ్చింది. పక్కన పోసిందీ అదే. ఎండుద్రాక్ష రంగులో ఉంటుంది, నోరూరకపోతే నేనేం చేయను.

కార్డు జాగ్రత్త. అందులో మా గొర్రెల ఫొటోలు కూడా ఉన్నాయి.

పుష్పలత

*

ఖమ్మం,
మార్చి రెండో వారం

నా బంగారు పుష్పా,

నువ్వు ఇక్కడ ఉంటే ఎత్తుకుని తిప్పేదాన్ని! ఫొటో చూసి షాపులో పిల్లలందరూ మిషన్లు ఆపేశారు. పైనుంచి ఆ ఎండ, వెనకాల ఆ మసి, మూలన మీ అత్త చెయ్యి. చెయ్యి కత్తిరించలేదులే, జగదీష్ కత్తిరిస్తానంటే మౌసు గుంజుకున్నాను.

నీ ఫొటో అన్నిటికంటే పెద్దది వేశాం. మేళా గేటు దగ్గర, బస్సు దిగిన ప్రతివాళ్ళకూ కనబడేలా కట్టారు. మసిలో కేకు కలిసిపోతోందని జగదీష్ రంగు కాస్త తేల్చాడు. ఇప్పుడు కేకు పక్కన పువ్వు కూడా ధగధగా మెరుస్తోంది. కింద మాట నేనే రాశాను, పెద్ద అక్షరాలతో: ‘కొత్త ఇప్పపువ్వు కేకు! చేసింది, ఫొటో తీసింది: పుష్పలత, వాగొడ్డు గుంపు.’ ఇట్లాంటి కేకు మన వైపు ఇదివరకు ఎవరూ ఎరగరు గదా, అందుకే ‘కొత్త’ అన్నాను. ఎట్లా ఉంది నా తెలివి?

జనం ఆగి ఆగి చూస్తున్నారట. మీ వాళ్ళెవరైనా బస్టాండుకు వస్తే గర్వంగా చూపించు.

నీ
సువర్ణ

*

వాగొడ్డు గుంపు,
మార్చి ఆఖరు

సువర్ణకు,

బాగున్నావా అని అడగను. నువ్వు బాగానే ఉంటావు. కాలుతున్నది మా ఇల్లు.

మా గుంపు పెద్ద బొజ్జయ్య మామ మోకాళ్ళ నొప్పులకు భద్రాచలం దవాఖానాకు పోయాడు. అమ్మకు పూజ చేసేదీ ఆయనే. బస్సు దిగగానే ఎదురుగా నీ ఫ్లెక్సీ. తిరిగొచ్చి ఇంటికి కూడా పోలేదు. మందుల సంచి చేతిలో పట్టుకుని నేరుగా మా వాకిట్లోకి వచ్చాడు.

"ఏమే కోడలా, కొత్త తిన్నవా?" అన్నాడు.

"ఎవరు చెప్పిండ్రు మామా?"

"నువ్వే చెప్పినవ్. ‘కొత్త ఇప్పపువ్వు కేకు’ అని గంత గంత అక్షరాలు రాయించినవ్ గదా. నీ పేరు, మన గుంపు పేరు కూడ రాయించినవ్."

పోయినేటి పువ్వు మామా అన్నాను. "పోయినేటి పువ్వు గట్ల మెరుస్తదా? నాకే చెప్తున్నవా?" అన్నాడు. ‘కొత్త’ అని రాసింది నా నేస్తం, రంగు తేల్చింది వాళ్ళ షాపులో అని చెప్పినా వినలేదు. పాత పువ్వు మెరవదు, అది నిజమే. నీ మొగుడు ‘కాస్త తేల్చిన’ రంగు ఆయన కళ్ళలో కొత్త పువ్వు అయి కూర్చుంది. మా అత్త "గుమ్మిల నుంచి నేనే తీసిచ్చిన" అని మొత్తుకుంది. వాకిట్లో చేరినవాళ్ళు "కోడలి తప్పు అత్త కప్పుకుంటది, అందుల వింత లేదు" అన్నారు.

గుంపంతా కూర్చుని తేల్చేశారు. కొత్త పండుగకు మా ఇంటి దోసెడు కుండలో పడదు. పడకపోతే ఈ ఏడు పువ్వు మేము తినకూడదు. తర్వాత మామిడి కొత్త, చిక్కుడు కొత్త వస్తాయి, వాటికీ మాది బయటి ఇల్లే. నా పక్కింటి జంపక్క నిన్న నిప్పు అడిగితే కూడా ఇయ్యలేదు, తెలుసా? నేను కాపురానికొచ్చిన నాటి నుంచి ఒక చెట్టు కింద పువ్వు ఏరుకున్నోళ్ళం.

బయటపడే దారి ఒకటి చూపించారు. అమ్మ ముందు కోడిని ఇచ్చి, ‘తెలియక తిన్నాను’ అని అందరూ వినేలా చెప్పాలట. వీరబాబు, "ఒక్క కోడే గద, ఇచ్చేద్దాం, గొడవ పోతది" అన్నాడు.

"కోడి పోతే పోయింది. నా నోరో? తినంది తిన్ననని అమ్మ ముందట నిలబడి అబద్ధమాడాల్నా?" అన్నాను. ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడడం లేదు. పొద్దున్నే గొర్రెలు తోలుకుని పోతాడు, పొద్దుగూకాక వచ్చి తిని పడుకుంటాడు.

మేము కొత్తను నమ్మనోళ్ళం అయితే ఇంత బాధ ఉండేది కాదు. నమ్ముతాను కాబట్టే మండుతోంది. చెప్పి మరీ పంపాను గదే నీకు! ఎత్తకు అన్న మాటనే ఎత్తి, గేటుకు కట్టావు.

పుష్పలత

*

ఖమ్మం,
ఏప్రిల్ మొదటి వారం

పుష్పా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కానీ ఒక్క మాట అంటాను, కోపం తెచ్చుకోకు. నేను ‘కొత్త’ అన్నది కొత్తరకం కేకు అని. తెలుగు చదివిన వాళ్ళెవరికైనా అట్లాగే అర్థమవుతుంది. ఒక్క మాటకు ఇంత పెద్ద శిక్షా? ఫొటోలు కడుపులోకి పోతాయా?

సరే, అయిందేదో అయింది. మేళా అయిపోయినా ఆ ఫ్లెక్సీ ఇంకా గేటుకే ఉంది. రేపే మనిషిని పంపి తీయించేస్తాను. కోడిని నేను కొని పంపుతాను. నువ్వు ఆ ఒక్క మాట అనేసి ఇంటి పరువు కాపాడుకో. పెదవి దాటే మాట, అందులో ఏముంది? వీరబాబన్న మొహం చూసైనా తగ్గు.

సువర్ణ

*

వాగొడ్డు గుంపు,
ఏప్రిల్

సువర్ణా,

కోళ్ళు మా దొడ్లో ఉన్నాయి. నీ కోడి నువ్వే కోసుకుని తిను.

ఫ్లెక్సీ ముట్టుకున్నావంటే మన నేస్తం ఆనాటితో సరి. రాత్రికి రాత్రి దించేస్తే, తప్పు చేసింది కాబట్టే దాచేసిందంటారు. నేను దాచేది ఏమీ లేదు. ఉండనీ, పదిమందీ చూడనీ.

ఫొటోలు కడుపులోకి పోతాయా అని బొజ్జయ్య మామను వెక్కిరిస్తున్నావు. ఆయన చదివింది తప్పు కాదే. మా దగ్గర ‘కొత్త’ అంటే అదే. నేను చదివినా అట్లాగే చదువుతాను. ఆయన తప్పల్లా నా మాట వినకపోవడం. నీ తప్పు, మాట విని కూడా లెక్కచేయకపోవడం. ఎవరిది పెద్దదో నువ్వే చెప్పు.

నువ్వు ఇక్కడికి రాకు. వస్తే ‘నేస్తం కోసం వచ్చి చెప్తున్నది’ అంటారు. రాత వల్ల వచ్చిన నింద రాతతోనే పోవాలి. ‘కొత్త’ అని ఎందుకు రాశావో, రంగు ఎవరు మార్చారో గుంపుకు రాసి, కింద నీ పేరు పెట్టు. నేను తీసిన ఫొటో రంగు ముట్టుకోకుండా అచ్చువేసి పంపు. పండుగ లోపల రావాలి.

పంపకపోయినా నేను పండుగకు పోతాను. దోసెడు పువ్వు పట్టుకునే పోతాను.

పుష్పలత

*

ఖమ్మం,
ఏప్రిల్, ఆదివారం

పుష్పా,

నీ ఉత్తరం పట్టుకుని కుసుమంచి పక్కన మా తండాకు పోయాను, మా యాడి దగ్గరికి. మా అమ్మ ద్వాలి సంగతి నీకు తెలుసు గదా, ఒక మాట అంటే రెండు తగిలిస్తుంది. ‘చూడవే అమ్మా, ఎంత మొండిదో’ అని చెప్పుకుందామని పోతే, చేట పక్కన పడేసి నా మీదికి లేచింది.

"మన తీజ్ పండుగ నాడు నువ్వు తొమ్మిది దినాలు నీళ్ళు పోసిన బుట్టల మొలకలను, నిమజ్జనం కాకముందే నువ్వే తెంపినవని తండాల అంటే ఏం చేసేదానివే? తెంపిన, తప్పయింది అని కోడిని ఇచ్చి వచ్చేదానివా?"

తల అడ్డంగా ఊపాను. చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు. చెప్పినోడి జుట్టు పట్టుకునేదాన్ని.

"మరి ఆ పిల్లను ఎందుకు ఒప్పుకోమంటున్నవ్? నీ పండుగ పండుగ, ఆమె పండుగ ఆటనా?"

సిగ్గుతో అక్కడ అన్నం కూడా తినకుండా వచ్చాను.

ఇంటికొచ్చి ఉత్తరం రాయడానికి కూర్చుంటే జగదీష్ అడ్డం పడ్డాడు. "రంగు మార్చిన అని మనమే రాసిస్తే షాపు మీదికి మాటొస్తది. పెండ్లి ఫొటోలల్ల అందరిని తెల్లగ చేస్తున్నం, ఎవరన్నా అడిగిండ్రా?" అన్నాడు. "అడిగినోళ్ళు ఇప్పుడు వచ్చిండ్రు. షాపు పేరుతోటే రాస్త" అన్నాను. రాశాను. ఫొటో నేనే మిషను మీద పెట్టి అచ్చు తీశాను. గేటు ఫ్లెక్సీ దించలేదు. దాని పక్కనే ఇది కూడా ఇంకొకటి కట్టించాను, కింద ‘పోయినేటి ఇప్పపువ్వుతో’ అని.

గుంపుకు రాసిన కాగితం, ఫొటో, నీ కార్డు దీనితోనే ఉన్నాయి.

సువర్ణ

*

వాగొడ్డు గుంపు పెద్ద బొజ్జయ్య గారికి, గుంపు పెద్దలందరికీ,

కుసుమంచి దగ్గరి తండా ఆడబిడ్డ సువర్ణ నమస్కారాలతో రాసుకునేది.

బస్టాండు దగ్గర మీరు చూసిన ‘కొత్త’ అనే మాట పుష్పలత రాయలేదు, నేను రాశాను. కొత్త పువ్వు గురించి మీ కట్టుబాటు ఆమె నాకు ముందే చెప్పింది. చెప్పినా నేను ఒళ్ళు దగ్గర పెట్టుకోకుండా, ఎవరూ చేయని రకం కేకు అనే అర్థంతో ఆ మాట వాడాను. పువ్వు మెరుపు కూడా ఆమెది కాదు, మా షాపులో కంప్యూటర్ మీద పెట్టింది. పుష్పలత తీసిన ఫొటో ఉన్నదున్నట్టు పంపుతున్నాను. పువ్వును పుట్టిన నాటి నుంచి చూస్తున్నవారు మీరు. అది ఏ ఏటిదో మీరే చెప్పండి.

కోడి ఇవ్వవలసి వస్తే ఇవ్వవలసిన దాన్ని నేను. పుష్పలత కాదు. ఆమె చేయని తప్పును ఆమె నోట చెప్పించకండి.

సువర్ణ

*

వాగొడ్డు గుంపు,
కొత్త పండుగ అయిన మూడో నాడు

ఒసే సువర్ణా,

నీ కాగితం అందరి ముందు నేనే చదివాను. ‘ఒళ్ళు దగ్గర పెట్టుకోకుండా’ అన్నచోట కొంచెం గట్టిగా చదివాను, ఏమనుకోకు.

బొజ్జయ్య మామ ఫొటోను ఎండకు పట్టి చాలాసేపు చూశాడు. "ఇది పోయినేటిదే" అన్నాడు. నా గుండె కుదుటపడిందో లేదో, "అయినా గుంపుల ఒకసారి మాట పడ్డది. ఊకె కోడిని ఇచ్చెయ్ బిడ్డా. తప్పు అని అనకు. ఇచ్చి ఊకో, అందరికి మర్యాదగ ఉంటది" అన్నాడు.

"ఊకె కోడిని ఎవరిస్తరు మామా? తప్పుంటెనే ఇస్తరు. నేనియ్య" అన్నాను. లేచి వెళ్ళిపోయాడు. పండుగ దాకా ఎవరూ ఏమీ తేల్చలేదు.

పండుగ నాడు తలంటుకుని, దోసిట్లో పువ్వు పట్టుకుని ఆడవాళ్ళ వరసలో నిలబడ్డాను. మా అత్త "పోవే, నేనున్న" అని ముందుకు నెట్టింది. నా ముందు జంపక్క పోసింది. నేను చేతులు చాపాను. బొజ్జయ్య మామ కుండ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

నేను చేతులు దించలేదు సువర్ణా. అందరూ వినేటట్టు అమ్మతోనే చెప్పాను. "అమ్మా, నేను తినలే. తిన్ననని నీకు అనిపిస్తే నువ్వే చెప్పు, వీళ్ళు వద్దు. మామ చెయ్యి తీసేదాక గిట్లనే నిలబడ్త." నా వెనకాల వరస ఆగిపోయింది. అందరి దోసెడూ పడితే గాని కుండ పొయ్యి ఎక్కదు. డోలు కూడా ఆగింది. దోసిట్లో పువ్వు చెమటకు తడిసిపోతోంది, భుజాలు లాగేస్తున్నాయి. ఏడవలేదు. ఏడిస్తే తప్పు చేసినట్టే అనుకుంటారు.

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి వీరబాబు వచ్చాడు. ఓట్ల చొక్కా తొడుక్కున్నాడు. నెల దినాలుగా నాతో ఒక్క మాట మాట్లాడని మనిషి, నా పక్కన నిలబడి, తన రెండు చేతులూ నా దోసిలి కింద పెట్టి పట్టుకున్నాడు.

"నా పెండ్లాం అబద్ధమాడదు మామా. చెయ్యి తియ్యి" అన్నాడు.

బొజ్జయ్య మామ ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. మెల్లగా చెయ్యి తీశాడు. "పొయ్యి బిడ్డా" అన్నాడు. పోశాను. ఇద్దరి చేతులతో పోశాం.

అమ్మకు పెట్టినాక పంచారు. మా అత్త తన ముద్ద కూడా నా నోట్లోనే పెట్టింది. అప్పుడు ఏడ్చానే, అప్పుడు ఎంతైనా ఏడవచ్చు గదా. పోయేటప్పుడు బొజ్జయ్య మామ, "ఇంక ఆ ఫొటోలు గిట్ల పెట్టుకోకు" అన్నాడు. "తీస్త మామా. నా పొయ్యి, నా గిన్నె. తలుపు తెరిచే తీస్త, వచ్చి చూడు" అన్నాను.

మర్నాడే తీశాను. ఈ ఏటి పువ్వుతో కాల్చాను. పెంకులు తీయడానికి వీరబాబు పిలవకుండానే పైకెక్కాడు. జంపక్క తన ఇంటి నుంచి నిప్పు పట్టుకొచ్చింది, నేను అడగలేదు. బొజ్జయ్య మామ నిజంగానే వచ్చి, గడపలో కూర్చుని, ఫోనులో ఒక్కొక్క ఫొటో చూశాడు. కేకు పెడితే తిన్నాడు.

కార్డు ఇందులో పెడుతున్నాను. రంగు ముట్టుకున్నారంటే ఈసారి నేనే ఖమ్మం వస్తాను, జగదీష్ బావకు చెప్పు.

నీ మీద కోపం పోయిందా అంటే పోలేదు. నువ్వే వచ్చి కేకు తిని, తిట్లు కూడా తిని పో. కోడిని మాత్రం ఎవరికీ ఇయ్యలేదు.

పుష్పలత